గోలీలు ఏడు రోజులే, పద్దు మాత్రం రెండున్నరేళ్లది

బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టులో నేను గుమస్తాను. జీలకర్ర ఎన్ని బస్తాలు దిగింది, ఎండుమిర్చి ఎవరు ఉద్దెర పట్టుకుపోయారు, ఎవరి బాకీకి ఎన్ని నెలలైంది, ఇవే ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను. డాక్టర్ని కాను, కాంపౌండర్నీ కాను. కాకపోతే ఒక యాంటీబయాటిక్ వేసుకున్నాక మడిమలు, పాదాలు, నిద్ర మూడూ చెడ్డాయి. వాటిని ఒక దారికి తెచ్చుకోవడానికి పడ్డ తిప్పలన్నీ అలవాటు కొద్దీ ఒక పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఇదే అవస్థలో ఉన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి "అన్నా, నువ్వేం చేసినవ్?" అని అడుగుతున్నారు. ప్రతిసారీ గంటసేపు చెప్పే బదులు ఒక్కసారి రాసి పెడదామని కూర్చున్నాను.

సంక్రాంతి దాటిన వారం. మిర్చి ఘాటుకో చలికో పట్టిన దగ్గు పది రోజులైనా వదల్లేదు. దగ్గర్లోని క్లినిక్‌కు పోతే లెవోఫ్లాక్సాసిన్ 500 రోజుకొకటి చొప్పున ఏడు రోజులకు రాశారు. తోడుగా ఒక స్టెరాయిడ్ గోలీ, కడుపులో మంటకు ఇంకొకటి. నాలుగో రోజుకు దగ్గు సద్దుమణిగింది. ఐదో రోజు పొద్దున పాలప్యాకెట్ కోసం రెండో అంతస్తు నుంచి దిగుతున్నాను. మూడో మెట్టు మీద కుడి మడిమ వెనక, పిక్క నుంచి కిందికి దిగే ఆ నరం లాంటి తాడు ఉంటుంది చూడండి, అది తడిసి ఎండిన కొబ్బరితాడులా బిగుసుకుపోయింది. వేలితో తాకితే లోపల ఇసుక రాలినట్టు గరగర. బస్తా ఎత్తినప్పుడు బెణికిందేమో అనుకున్నాను. మిగిలిన రెండు గోలీలూ మింగేశాను. నా పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్న మొదటి తప్పు అది.

గోలీలు అయిపోయిన వారానికి ఎడమ మడిమ కూడా అందుకుంది. నెలకు అరికాళ్లలో మంట, చీమలు పాకినట్టు తిమ్మిరి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక తెల్లవారే దాకా పైకప్పు చూస్తూ పడుకోవడమే.

గోలీల పట్టీ వెనక పేరు చదవండి

ముందు మీరు వేసుకున్నది ఏ జాతి మందో తేల్చుకోండి. పైన పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు పేరు ఉంటుంది. అది 'ఫ్లాక్సాసిన్' అని ముగిస్తే ఫ్లూరోక్వినొలోన్ జాతి. సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్, అన్నీ ఒక తల్లి పిల్లలే. విరేచనాలకు మెడికల్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టే గోలీల్లో చాలావాటిలో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ జంటగా ఉంటాయి. 'ఆరంజి రంగు గోలీ' అని గుర్తు పెట్టుకుంటే రేపు ఏ డాక్టరుకూ ఏమీ చెప్పలేరు. ఖాళీ పట్టీ పారేయకండి. నాది ఇప్పటికీ పుస్తకం మొదటి పేజీకి గుండుసూదితో గుచ్చి ఉంది.

ఇది నా భ్రమేమోనని నేనే చాలా రోజులు అనుకున్నాను. మా బిడ్డ ఫార్మసీ చదివింది. ఒక ఆదివారం కూర్చోబెట్టి తేదీల వారీగా చెప్పింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ జాతి మందుల మీద కండర బంధనాలు (కండరాన్ని ఎముకకు కట్టే తాళ్లు, నా మడిమ తాడు లాంటివి) వాయడం, తెగడం గురించి పెట్టె గీసి మరీ హెచ్చరిక వేయించింది. 2013లో నరాల దెబ్బ గురించి, అది శాశ్వతంగా మిగలొచ్చని చేర్చింది. 2016లో ఇంకా గట్టిగా, మామూలు సైనస్ వాపు (సైనసైటిస్), ఊపిరి గొట్టాల వాపుతో వచ్చే దగ్గు (బ్రాంకైటిస్), చిన్నపాటి మూత్రం ఇన్‌ఫెక్షన్లకు వేరే మందు ఉన్నప్పుడు ఇవి వాడొద్దంది. యూరప్ 2018లో అదే మాట అంది. బ్రిటన్ 2024 జనవరిలో, వేరే యాంటీబయాటిక్‌లు పనికిరానప్పుడే ఇవి ఇవ్వాలని కట్టడి చేసింది. స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తే బంధనాలకు ముప్పు ఎక్కువని కూడా హెచ్చరికల్లో ఉంది. అరవై దాటినవాళ్లకు, కిడ్నీ చెడినవాళ్లకు, అవయవ మార్పిడి అయినవాళ్లకు కూడా ముప్పు ఎక్కువే. నాకు అప్పుడు యాభై నాలుగు. స్టెరాయిడ్ ఒక్కటే నా లెక్కలో పడింది.

అది విన్నాక కోపం వచ్చిన మాట నిజం. కానీ ఇంకో పద్దు కూడా చెప్పాలి. మా బావమరిదికి మందులకు లొంగని టీబీ వస్తే ఎర్రగడ్డ ఛాతీ దవాఖానలో నెలల తరబడి మింగించిన మందుల్లో ఇదే లెవోఫ్లాక్సాసిన్ ఉంది. వాడు ఈరోజు మనవణ్ని ఎత్తుకుని తిరుగుతున్నాడు. ఈ మందు వేసుకున్న చాలామందికి ఏమీ కాదు. కాబట్టి నేను చెప్పేది 'విషం, ముట్టుకోకండి' అని కాదు. పది రూపాయల దగ్గుకు వెయ్యి రూపాయల మందు ఎందుకని, అంతే.

ఇంకా కోర్సు మధ్యలో ఉండగానే మడిమ, భుజం, మోచేయి నొప్పి పెడితే, కాళ్లల్లో మంట మొదలైతే, లేనిపోని భయాలు ముసిరితే, తర్వాతి గోలీ వేసుకోకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. మొదటి లక్షణం కనిపించగానే ఆపి డాక్టరుతో మాట్లాడమనే హెచ్చరికలు చెబుతున్నాయి. ఇన్‌ఫెక్షన్‌ను సగంలో వదిలేయమని కాదు, బదులు మందు అడగమని. టీబీ లాంటి పెద్ద జబ్బుకు వాడుతుంటే మాత్రం అదే రోజు వెళ్లి అడగండి, సొంత నిర్ణయం వద్దు. షుగర్ గోలీలు వాడేవాళ్లకు ఈ మందులతో షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే ముందు చక్కెర నోట్లో వేసుకోవాలి.

మందు ఆపేశాక కూడా బెడద ఉండొచ్చు. బంధనాల నొప్పి మొదలుపెట్టిన రెండు రోజుల్లో రావచ్చు, ఆపేసిన కొన్ని నెలలకూ రావచ్చు. 'అప్పుడెప్పుడో వేసుకున్నది కదా' అని కొట్టిపారేయకండి.

వెంటనే పరుగెత్తాల్సినవి

మడిమ వెనక 'ఠప్' మని శబ్దమై ఎవరో వెనకనుంచి తన్నినట్టు అనిపిస్తే, ఆ కాలి మునివేళ్ల మీద నిలబడలేకపోతే, తాడు తెగి ఉండొచ్చు. నన్ను బోర్లా పడుకోబెట్టి పిక్కను పిండి చూసింది ఫిజియోథెరపీ మేడం. పిండినప్పుడు పాదం కదిలితే తాడు ఉన్నట్టు. నాది కదిలింది. ఆవిడ నవ్వేదాకా నాకు ఊపిరి ఆడలేదు. ఛాతీలో, వీపులో, కడుపులో ఒక్కసారిగా చీల్చేసే నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలి. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం చిట్లే ముప్పు అరుదుగానైనా ఉందని 2018లో హెచ్చరిక వచ్చింది. రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం, మూర్ఛ, చచ్చిపోవాలనే ఆలోచన, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

పద్దు ఎలా రాయాలి

నన్ను నిలబెట్టింది మందు కాదు, పుస్తకం. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

రోజూ నొప్పి గురించి రాయకండి. నేను మొదటి నెల రాశాను. 'చాలా నొప్పి', 'ఘోరం', 'కొంచెం నయం'. తిరగేస్తే దాంట్లో ఏమీ లేదు. కొట్టులో 'సరుకు బాగానే పోయింది' అని రాస్తే సేఠ్ ఊరుకుంటాడా? అంకె కావాలి. అందుకని నాలుగు గడులు గీశాను. పొద్దున మంచం దిగి వేసే మొదటి పది అడుగులకు నొప్పి పదికి ఎంత. ఆ రోజు ఎన్ని మెట్లు ఎక్కి దిగాను. ఎన్ని గంటలు నిద్ర. నాలుగో గడిలో ఆ రోజు కొత్తగా చేసింది ఏదైనా ఉంటే అది, ఉదాహరణకు 'మూసీ దాటి నడిచాను', 'పెళ్లిలో రెండు గంటలు నిలబడ్డాను', 'కొత్త గోలీ మొదలు'. రెండు నిమిషాల పని. అంతకు మించి రాస్తే జబ్బే మన ఉద్యోగం అయిపోతుంది.

ఆదివారం ఆదివారం సగటు తీయాలి. ఇది ముఖ్యం. ఈ బాధ అలలా వస్తుంది. మూడు రోజులు హాయిగా ఉండి నాలుగో రోజు మళ్లీ మొదటికి తెస్తుంది. రోజుతో రోజును పోల్చి చూస్తే మతి పోతుంది. నెలతో నెలను పోల్చాలి. నా పుస్తకంలో ఫిబ్రవరిలో పొద్దుటి నొప్పి సగటు ఏడు. మేలో ఐదు. మే నెలలో నేను మాత్రం 'ఇసుమంత కూడా తగ్గలేదు' అని మా ఇంటామెతో పోట్లాడుతున్నాను. ఆమె పుస్తకం తెచ్చి ముందు పడేసి "నీ చేతిరాతే గదయ్యా" అంది.

నిలువలు చూడకుండా ఖర్చు చేస్తే ఏమవుతుందో జులైలో తెలిసింది. నొప్పి మూడుకు దిగింది. బోనాలు. లాల్‌దర్వాజకు చుట్టాలతో నడిచి పోయాను, నడిచి వచ్చాను, మధ్యలో పోతరాజు వెంట గుంపులో నిలబడ్డాను. ఆ రాత్రి ఏమీ లేదు. మర్నాడూ పెద్దగా లేదు. మూడో రోజు ఎనిమిది. మళ్లీ మూడుకు రావడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. అప్పు వెంటనే అడగదు, రెండు రోజులాగి వడ్డీతో వస్తుంది. అందుకే బాగున్న రోజునే భయపడాలి. ఆ తర్వాత నేను పెట్టుకున్న కట్టడి ఏమిటంటే, ఎంత బాగున్నా నిన్నటికన్నా పదో వంతుకు మించి పెంచను. మరుసటి ఏడాది బోనాలకు మా మేనత్త ఇంటి అరుగు మీద కుర్చీ వేసుకుని చూశాను. ఘటం నా ముందునుంచే పోయింది.

కాళ్లు

మొదటి ఆరు వారాలు విశ్రాంతి. విశ్రాంతి అంటే మంచాన పడడం కాదు, తాడును లాగకపోవడం. మన ఇళ్లల్లో దాన్ని లాగేవి మనకు తెలియకుండానే బోలెడు. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఒకటి, మడిమ తాడుకు అంతకన్నా పెద్ద లాగుడు లేదు. మధ్యలో బొక్క ఉన్న ప్లాస్టిక్ స్టూలు తెచ్చి దాని మీద వేసుకున్నాను. కొట్టులో గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, లేవడం ఇంకొకటి. మా సేఠ్‌జీ రెండో రోజే విషయం కనిపెట్టి కుర్చీ, చిన్న మేజా వేయించాడు. "తుమ్ హిసాబ్ దేఖో, నీచే మత్ బైఠో" అన్నాడు. ముప్పై ఏళ్లలో గద్దె దిగి కుర్చీ ఎక్కిన మొదటి గుమస్తాను నేనే.

పల్చటి హవాయి చెప్పులు మానేయండి. మడిమ కాస్త ఎత్తుగా ఉండే బూటులో సెంటీమీటరు మందం సిలికాన్ మెత్త రెండు కాళ్లకూ పెట్టండి. ఒక్క కాలికే పెడితే నడుము పడుతుంది. ఇంట్లో గచ్చు మీద ఒట్టి కాళ్లతో నడవొద్దు. దేవుడి గది ముందు దీని మీద మా ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. చివరికి బయట ఎప్పుడూ వేయని కొత్త మెత్తటి జోడు ఒకటి 'ఇంటి జోడు' అని తీర్మానమైంది, గడప దాకానే దానికి అనుమతి.

చేయకూడనివి. వేడి నూనెతో గట్టిగా మాలీష్ వద్దు. నేను చేయించుకున్నాను, రెండు వారాలు వెనక్కి పోయాను. గోడకు కాలు పెట్టి పిక్క సాగదీయడం మొదట్లో వద్దు. మడిమ తాడులో స్టెరాయిడ్ సూది అసలే వద్దు, తాడు బలహీనపడి తెగే ముప్పు ఉంది. ఎవరైనా 'ఒక్క సూదితో పోతుంది' అంటే ఫలానా మందు వాడి ఇలా అయిందని చెప్పి, వేరే డాక్టర్ని కూడా అడగండి.

ఆరు వారాల తర్వాత ఫిజియోథెరపీ మేడం మొదలుపెట్టించింది ఇదీ. కుర్చీలో కూర్చుని, పాదాలు నేల మీద ఆనించి, మడిమలు మాత్రం మెల్లగా పైకి లేపాలి. మూడు లెక్కపెట్టేదాకా పైన ఉంచాలి, మూడు లెక్కపెడుతూ దించాలి. ఐదుసార్లు. అంతే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నవ్వొచ్చింది నాకు. ఎండుమిర్చి బస్తా భుజానెత్తినవాణ్ని, మడిమ లేపడం ఒక పనా అని. మూడో రోజుకు పిక్కలు వణికాయి.

రెండు వారాలకు పది, నెలకు పదిహేను. అప్పుడు నిలబడి. మా ఇనుప బీరువాకు రెండు చేతులూ ఆనించి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి, లేవడం, ఆగడం, దిగడం. బీరువా అద్దంలో నా ముఖమే కనిపిస్తుంటుంది, ఏ క్షణంలో పళ్లు కొరుకుతున్నానో తెలిసిపోతుంది. అది చూసి ఆపేవాణ్ని. ఒంటికాలి మీదికి రావడానికి పది నెలలు పట్టింది. పెంచాలా తగ్గించాలా అనేదానికి మేడం చెప్పిన కొలత ఒకటే. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు, మర్నాడు పొద్దున మొదటి పది అడుగులు ఏమంటున్నాయో చూడు. నిన్నటికన్నా ఎక్కువైతే సగానికి తగ్గించు. సున్నా మాత్రం చేయకు.

మలక్‌పేట నుంచి కొట్టుకు మునుపు రెండు బస్సులు మారేవాణ్ని, వేలాడుతూ. ఇప్పుడు మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగుతాను. లిఫ్టు ఎక్కడానికి మొదట్లో సిగ్గేసేది. చూడ్డానికి మనిషిని గట్టిగానే ఉంటాను కదా, ముసలాయన ఒకరు కర్రతో నా పక్కన నిలబడి నన్ను ఎగాదిగా చూశాడు. చూడనీ.

మంట, తిమ్మిరి, నిద్ర

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఒక్క కాగితం చాలు. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, మొదటి లక్షణం ఎన్నో రోజు, ఇప్పుడు చేయలేని మూడు పనులు. 'చాలా బాధగా ఉంది సార్' అంటే ఆయన రోజంతా వినే మాటే. 'రెండంతస్తులు దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది సార్, మునుపు అర నిమిషం' అంటే తలెత్తి చూస్తారు. నేను మొదటిసారి నలభై కాగితాలు ప్రింటు తీసుకుపోయాను. వాటిని చూడగానే ఆ డాక్టరు ముఖం మారిపోయింది. "ఇవన్నీ చదివితే లేని రోగాలు వస్తాయి" అని పంపేశారు. రెండో చోట ఒక్క కాగితంతో పోతే పావుగంట విన్నారు. తేడా డాక్టరులో కొంత, కాగితంలో కొంత.

ఇంకో మాట జాగ్రత్తగా వినండి. అంతా గోలీ మీదికే నెట్టేయకండి. అరికాళ్ల మంటకు షుగర్, థైరాయిడ్, బీ12 లోపం కూడా కారణాలే. మూడు నెలల షుగర్ పరీక్ష, బీ12, థైరాయిడ్, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ చేయించండి. నాకు బీ12 168 వచ్చింది, మామూలుగా రెండొందలకు పైన ఉండాలి. మాంసం తక్కువ తినే ఇల్లు మాది. సూదులు వేయించుకున్నాక మూడు నెలలకు మంట సగం తగ్గింది. అంటే సగం బాకీ అసలు ఈ ఖాతాది కానే కాదు. పరీక్ష చేయించకపోయి ఉంటే అదంతా లెవోఫ్లాక్సాసిన్ పేరనే రాసి ఏడుస్తూ కూర్చునేవాణ్ని.

నరాలకు కరెంటు పెట్టి చూసే పరీక్ష మామూలుగా వచ్చిందని 'నీకేం లేదు' అనేస్తే కుంగిపోకండి. ఆ పరీక్షకు లావు నరాలే అందుతాయి, మంట మోసే సన్న నరాలు అందవు. నాకు రాత్రిపూట చిన్న మోతాదులో ప్రీగాబలిన్ ఇచ్చారు. మంట మొద్దుబారింది, నిద్ర పట్టింది, పొద్దున తల దిమ్ముగా ఉండేది. లెక్కలు రాసేవాడికి తల దిమ్ము పనికిరాదు. ఎనిమిది నెలలకు డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించి మానాను. ఇలాంటివి ఒక్కసారిగా ఆపకూడదు. కొందరికి డ్యులోక్సెటిన్, ఎమిట్రిప్టిలిన్ ఇస్తారు. అడగండి, మీకేది నప్పుతుందో వాళ్లే చెప్పాలి.

నిద్రకు నేను చేసుకున్నవి చిన్నవే. మధ్యాహ్నం రెండు తర్వాత ఇరానీ చాయ్ బంద్. అఫ్జల్‌గంజ్ పక్కనే పని చేస్తూ ఇది ఎంత కష్టమో చెప్పలేను. రెండింటికి మెలకువ వస్తే ఫోన్ తీయకుండా లేచి వంటగదిలో కూర్చుని పాత రశీదులు సర్దేవాణ్ని. ఆ వేళ ఫోన్‌లో ఈ జబ్బు గురించి వెతకడమంత చెడ్డ పని ఇంకోటి లేదు. బాగుపడినవాళ్లు అర్ధరాత్రి రాయరు, నిద్రపోతుంటారు.

మనసు కూడా ఈ మందులతో చెదరవచ్చు. ఆందోళన, నిద్రలేమి, చీకటి ఆలోచనలు హెచ్చరికల్లోనే ఉన్నాయి. 'నీకు ధైర్యం లేదు' అనేవాళ్లు అంటారు. నేను మార్చిలో రెండుసార్లు టెలీ మానస్ 14416కి ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ లేవు. అవతలి అమ్మాయి ఏమీ సలహా ఇవ్వలేదు, విన్నది. ఆ రాత్రికి అది చాలింది.

జేబుకు చిల్లు పెట్టేవి

మెగ్నీషియం, కోక్యూ టెన్, ఏవేవో సీసాలు, రక్తంలోకి ఎక్కించే డ్రిప్పులు, ఈ బాధితుల చుట్టూ తిరిగే బజారు ఒకటుంది. ఈ జబ్బును నయం చేస్తుందని రుజువైన మందు ఇప్పటికైతే లేదు. నేను మెగ్నీషియం మూడు నెలలు వాడాను. నా పద్దులో నొప్పి అంకె కదల్లేదు, విరేచనాలు మాత్రం అయ్యాయి. కిడ్నీ సరిగా లేనివాళ్లకు అది ప్రమాదం కూడా. ఒక చోట పది డ్రిప్పులకు ప్యాకేజీ అని అరవై వేలు చెప్పారు. నేను 'రశీదు ఇస్తారా, నయం కాకపోతే వాపసు ఇస్తారా' అని అడిగాను. గుమస్తా బుద్ధి. మాట మార్చారు. భస్మాల జోలికి కూడా, అందులో ఏముందో చెప్పలేనివాళ్ల దగ్గర, పోవద్దు. పాదరసం, సీసం ఉన్నవి నరాలనే కొడతాయి. ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే ఒకసారికి ఒక్కటే, నాలుగో గడిలో తేదీ వేసి, ఆరు వారాలు చూసి తేల్చండి. రెండు కలిపి మొదలుపెడితే దేని లాభమో దేని నష్టమో తేలదు.

మళ్లీ ఇన్‌ఫెక్షన్ వస్తే

వస్తుంది, మనుషులం కదా. యాంటీబయాటిక్‌లంటేనే భయపడి జ్వరంతో కూర్చోవడం ఇంకా పెద్ద నష్టం. పోయిన ఏడాది నాకు పన్ను చీము పడితే అమాక్సిసిలిన్ వేసుకున్నాను, ఏమీ కాలేదు. కిటుకంతా ముందుగా చెప్పడంలో ఉంది. నా పర్సులో ఆధార్ వెనక ఒక చీటీ ఉంటుంది: 'ఫ్లాక్సాసిన్ జాతి మందులతో మడిమలు, నరాలు దెబ్బతిన్నాయి. వేరే దారి లేకపోతే తప్ప ఇవ్వకండి.' కింద మా బిడ్డ ఫోన్ నంబరు. ప్రతి దవాఖాన ఫైలు పైన ఎలర్జీ అని ఉండే గడిలో అదే రాయించాను. ఇది ఖచ్చితంగా ఎలర్జీ కాదు, దుష్ప్రభావం. కానీ అందరి కళ్లూ పడేది ఆ గడి మీదే. కంటి చుక్కల్లో, చెవి చుక్కల్లో కూడా ఈ జాతి మందు ఉంటుంది. చుక్కల నుంచి ఒంట్లోకి పోయేది చాలా తక్కువ, అయినా కంటి డాక్టరుకు చెప్పి పెట్టండి. నరాల మంట ఉన్నవాళ్లు ఇంకోటి గమనించాలి. మూత్రం ఇన్‌ఫెక్షన్‌కు బదులుగా ఇచ్చే నైట్రోఫ్యురాంటోయిన్, ఎక్కువ రోజులు వాడితే మెట్రోనిడజోల్, ఇవి కూడా నరాలను తాకగలవు. చెబితే డాక్టరు చూసుకుంటారు.

చీటీ లేకుండా ఈ మందులు కొనకండి. లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1లో, అంటే డాక్టరు చీటీ మీదే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉన్నాయి. అమ్మినవాడు డాక్టరు పేరు, రోగి పేరు విడిగా పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. పట్టీ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది.

చివరి పని, అందరూ వదిలేసేది. ఫిర్యాదు కాదు, నివేదిక. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఒకటి ఉంది, గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ నడుపుతుంది. 1800-180-3024కి పనిరోజుల్లో ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రోగులే నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. డాక్టరు సంతకం అక్కర్లేదు, మందే కారణమని మీరు రుజువు చేయనూ అక్కర్లేదు, అనుమానం చాలు. మందు పేరు, తయారీదారు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా వాడారు, ఏమైంది, ఇప్పుడెలా ఉంది అని అడుగుతారు. డబ్బు రాదు, ఎవరికీ శిక్ష పడదు. ఎవరి పద్దులోనూ లేని నష్టం జరగనట్టే లెక్క, అందుకని నింపాను.

బ్యాచ్ నంబరు గడి దగ్గర ఆగిపోయాను. గుండుసూది సరిగ్గా ఆ అంకెల మధ్యలోనే గుచ్చాను ఆ రోజు. భూతద్దం పెట్టి మా బిడ్డ చదివింది, ఏడా ఒకటా అని ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. మీరు పట్టీని గుచ్చకుండా కవరులో వేసి పెట్టుకోండి.